ఆర్మీ జిప్సీ హబ్ సీళ్లు: విశాఖ ఉప్పుగాలికి, మన్యం గెడ్డలకు ఏవి తట్టుకుంటాయి?

అరకు నుంచి దిగుతుంటే అనంతగిరి మలుపుల్లో బ్రేకు తొక్కిన ప్రతిసారీ బండి ఎడమకు గుంజింది. మెల్లగా ఎస్.కోట చేరి, చల్లారనిచ్చి, వంగి చూస్తే వెనక కుడి చక్రం లోపలి వైపంతా నల్లటి జిడ్డు. డ్రమ్ము విప్పితే లైనర్లు ఆయిల్లో నానిపోయి ఉన్నాయి. ఆ రోజు వెనక సీట్లో పిల్లలున్నారు. అప్పటి నుంచి హబ్ సీలును, అంటే చక్రం దగ్గర ఆయిల్, గ్రీజు బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగును, నేను చిన్న విషయంగా చూడలేదు.

నాది సైన్యం వాడి వదిలేశాక వేలంలో బయటికొచ్చిన ఎంజీ413డబ్ల్యూ జిప్సీ. ఆ ఒక్క వానాకాలంలోనే అదే సీలును మూడుసార్లు మార్పించాను. మొదటిసారి షాపులో చేతికందింది. రెండోసారి కంపెనీ డబ్బాలోది. మూడోసారి వేడికి ఆగే ఖరీదైన విటాన్ రబ్బరుది. మూడూ కారాయి. నాలుగోసారి వెళ్తే ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి బండి కిందకు దూరి, యాక్సిల్‌ను కప్పి ఉంచే ఇనుప హౌసింగు పైభాగం వేలితో తడిమి, "సీలు మార్సమంటే మార్సేస్తాను బాబూ, నాదేటి పోయింది? ముందు ఈ బ్రీదరు సూడు. మట్టితో మూసుకుపోనాది. లోపలి గాలి ఎటెల్తాది?" అన్నాడు. బ్రీదరును, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టాన్ని, కడిగి మామూలు నైట్రైల్ రబ్బరు సీలే వేశాడు. అది ఇప్పటికీ పొడిగా ఉంది.

అందుకే ఏ సీలు మంచిదని ఎవరైనా అడిగితే, ఎందుకు కారిందని ముందు నేను అడుగుతాను. ఈ పోలిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నేను చెప్పేది జిప్సీ లెక్కలో. 1985లో మొదటి జిప్సీ వచ్చింది, 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ వచ్చింది. సుజుకి ఎస్‌జే, సమురాయ్ బండ్ల కుటుంబమే కాబట్టి ముందు యాక్సిల్ కట్టుబడి కూడా వాటి లాంటిదే. జోంగా, పాత మహీంద్రా జీపులు ఉన్నవాళ్లకు కొలతలు వేరు, ఆలోచన ఇదే.

ఎక్కడ ఏ సీలు ఉంటుంది

వెనక యాక్సిల్లో రెండు వైపులా చెరొక సీలు. హౌసింగు గొట్టం చివర కూర్చుని క్రౌన్ ఆయిల్‌ను (యాక్సిల్ లోపలి గేర్లకు పోసే ఆయిల్‌ను) డ్రమ్ములోకి రానివ్వకుండా ఆపుతుంది. ముందు యాక్సిల్లో ప్రతి వైపూ మూడు చోట్లు. గొట్టం చివర లోపలుండే చిన్న సీలు ఒకటి. స్టీరింగు తిప్పితే బంతి మీద తిరిగినట్టు తిరిగే గుండ్రటి ఇనుప భాగం ఉంటుంది కదా, దాన్ని ఇక్కడ గుండు అంటాను. దాని చుట్టూ పట్టే పెద్ద వైపర్ సీలు, పక్కన ఫెల్టు, వాటిని బిగించే రేకు పట్టీ రెండో చోటు. హబ్బు వెనక, చక్రం బేరింగుల గ్రీజు డిస్కు మీద పడకుండా కాసే సీలు మూడోది.

ఏది కారుతోందో వాసనే చెబుతుంది. చిక్కగా, గంధకం వాసన వేస్తే అది క్రౌన్ ఆయిల్. పల్చగా ఉండి, వేలికి రాస్తే నీళ్లలో కడుక్కుపోయి, పెయింటును కూడా ఊడదీస్తుంటే అది బ్రేకు ఆయిల్. అప్పుడు తప్పు సీలుది కాదు, వీల్ సిలిండరుది. డ్రమ్ము తడిసిందని చూసి సీలు మార్చి, సిలిండరు అలాగే వదిలేసిన బండ్లు నేను రెండు మూడు చూశాను. ముందు గుండు కింద నల్లటి పల్చటి జావ కారుతుంటే, లోపలి చిన్న సీలు తెగి క్రౌన్ ఆయిల్ వచ్చి గ్రీజులో కలిసిందని అర్థం. పైన వైపర్ సీలు ఎంత కొత్తది వేసినా ఆ జావను ఆపలేదు. అది గ్రీజును ఆపడానికి చేసింది, ఆయిల్‌ను ఆపడానికి కాదు.

డబ్బులు తీసే ముందు: బ్రీదరు

యాక్సిల్ హౌసింగు మీద చిన్న మూత ఉన్న గొట్టమే బ్రీదరు. బండి నడిస్తే లోపలి ఆయిల్, గాలి వేడెక్కుతాయి. 30 డిగ్రీల దగ్గర మూసిన గాలి 80 డిగ్రీలకు చేరితే దాని పీడనం దాదాపు ఆరో వంతు పెరుగుతుంది. బయటికి పోయే దారి లేకపోతే అది సీలు లిప్పును, అంటే షాఫ్టును పట్టి ఉండే రబ్బరు అంచును, ఎత్తి ఆయిల్‌ను తోసుకొస్తుంది. పాడేరు, హుకుంపేట వైపు తిరిగేవాళ్లకు రెండో ప్రమాదం కూడా ఉంది. వేడి మీదున్న యాక్సిల్‌ను గెడ్డలోకి (కొండవాగులోకి) దింపగానే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదరు మూసుకుపోతే ఆ లాగుడంతా సీలు మీదే పడుతుంది. సీలు బయటికి కారకుండా ఆపగలదేమో గానీ, అవతలి వైపు నుంచి పీల్చే నీటిని ఆపడానికి పుట్టలేదు. అలా వెళ్లిన నీటితో ఆయిల్ కాఫీ పాల రంగుకు మారుతుంది, బేరింగుకు తుప్పు మొదలవుతుంది.

బ్రీదరు తెరుచుకునే ఉన్నా గెడ్డలో మునిగితే నీరు దాని గుండానే లోపలికి వెళ్తుంది. కాబట్టి దానికి ఒక రబ్బరు హోసు తగిలించి, బానెట్ ఎత్తుకో వెనక లైటు ఎత్తుకో తీసుకుపోయి, చివర చిన్న ఫిల్టరు పెట్టండి. ఏ సీలుకైనా ఇంతకంటే చవకైన రక్షణ లేదు. మీ బండి నగరంలోనే తిరిగినా హోసు వేయమంటాను. వాన గట్టిగా పడిన రోజున నీరు నిలిచే అండర్‌పాసులు మనకు తక్కువేం కాదు.

రబ్బరు: నైట్రైల్, విటాన్, మిగతావి

షాపులో సాధారణంగా దొరికే నల్ల సీలు నైట్రైల్. క్రౌన్ ఆయిల్‌కు, గ్రీజుకు, నీటికి బాగా తట్టుకుంటుంది. సుమారు 100 డిగ్రీల దాకా నిశ్చింతగా పనిచేస్తుంది, ఆపైన మెల్లగా గట్టిపడి పగుళ్లిస్తుంది. విటాన్ సుమారు 200 డిగ్రీల దాకా ఆగుతుంది, ధర నైట్రైల్‌కు కొన్ని రెట్లు. చాలాసార్లు గోధుమ రంగులో వస్తుంది కానీ రంగును నమ్మకండి, గోధుమ రంగు నైట్రైల్ కూడా ఉంది. పాకెట్ మీద ఎఫ్‌కేఎం అనో, ఎఫ్‌పీఎం అనో రాసి ఉందా చూడండి.

నిజం చెప్పాలంటే విశాఖలో తిరిగే జిప్సీకి విటాన్ అవసరం అరుదు. గాజువాక నుంచి మధురవాడకు వెళ్లి వచ్చే బండి హబ్బు 100 డిగ్రీల దరిదాపులకు పోదు. పోయేది ఒకటే సందర్భంలో: నిండా మనుషులు, సామాను ఎక్కించుకుని అరకు ఘాటో, యారాడ కొండో బ్రేకు మీద దిగినప్పుడు. డ్రమ్ము వేడి నేరుగా షాఫ్టు చివరకు, సీలుకు చేరుతుంది. వారానికి రెండుసార్లు పర్యాటకులను వంజంగి కొండకు తిప్పేవాళ్లు వెనక రెండు చోట్లా విటాన్ వేసుకుంటే ఖర్చు వృథా కాదు. అయినా రెండో గేరులో దిగడం నేర్చుకుంటే విటాన్ కంటే ఎక్కువ లాభం. లంబసింగి చలి గురించి అడుగుతుంటారు. అక్కడ సున్నా దగ్గరికి పడినా, రెండు రబ్బర్లకూ అది లెక్కలోది కాదు.

ఏసీఎం అని రాసిన సీలు ఇంజిన్‌కు, గేరుబాక్సుకు బాగుంటుంది, వేడికి నైట్రైల్ కంటే మెరుగు. కానీ నీటికి బలహీనం. గెడ్డలు దాటే యాక్సిల్‌కు వద్దు. సిలికాన్ సీళ్లు క్రౌన్ ఆయిల్లో కలిపే గంధకపు రసాయనాలకు ఆగవు, అవి ఈ చర్చలోకే రావు.

లిప్పు, అంచు: ఉప్పుగాలిలో తేడా ఇక్కడే

సీలు మీద 35-52-8 లాంటి మూడు అంకెలుంటాయి. మొదటిది షాఫ్టు మందం, రెండోది అది కూర్చునే రంధ్రం, మూడోది సీలు వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లలో. పక్కనే టీసీ, ఎస్‌సీ, టీబీ అని అక్షరాలు. ఎస్‌సీ అంటే ఆయిల్‌ను ఆపే లిప్పు ఒక్కటే. టీసీ అంటే దానికి తోడు బయటి దుమ్మును ఆపే రెండో చిన్న లిప్పు, బయటి అంచు మీద రబ్బరు పూత. టీబీ కూడా రెండు లిప్పులదే, కానీ బయటి అంచు ఉత్త ఇనుము.

హబ్బులో ఎస్‌సీ వేయకండి. బీచ్ రోడ్డు ఇసుక చాలు దాన్ని ఒక్క ఎండాకాలంలో తినేయడానికి. అసలు తేల్చుకోవాల్సింది టీసీ, టీబీల మధ్య. ఇనుప అంచు గట్టిగా బిగుస్తుంది, వేడిని బాగా వదిలిస్తుంది, కొత్త హౌసింగులో దానికి సాటి లేదు. కానీ మన బండ్లు కొత్తవి కావు. ఉప్పుగాలికి ఆ ఇనుప అంచు హౌసింగుకు తుప్పుతో అతుక్కుపోతుంది. తీసేటప్పుడు గీతలు పడతాయి, ఆ గీతల గుండా తర్వాతి సీలు బయటి అంచు నుంచే కారుతుంది. అప్పుడు లిప్పు ఎంత మంచిదైనా ఏం లాభం? రబ్బరు పూత ఉన్న టీసీ ఆ చిన్న గీతలను, గుంటలను తనే పూడ్చుకుంటుంది. సముద్రానికి పదిహేను కిలోమీటర్ల లోపు నిలబడే పాత బండికి నా ఓటు టీసీకే. టీబీ తప్ప దొరకకపోతే, రంధ్రం బాగా తుడిచి అంచు మీద పల్చగా గాస్కెట్ పేస్టు రాసి కొట్టండి. లిప్పుకు మాత్రం ఒక చుక్క కూడా తగలనివ్వకండి.

దమ్ము చేసే ట్రాక్టర్ల యాక్సిళ్లలో క్యాసెట్ సీలు అని ఒకటి వాడతారు. మూడు నాలుగు లిప్పులు, వాటి కింద తిరిగే స్టీలు రింగు కూడా అందులోనే ఉంటాయి. లిప్పు షాఫ్టు మీద కాకుండా ఆ రింగు మీద రాసుకుంటుంది కాబట్టి షాఫ్టు అరగదు. బురదలో మునిగి తేలే పనికి దీనికి మించింది లేదు. అయితే వెడల్పు, మందం ఎక్కువ. జిప్సీ రంధ్రంలో పట్టేది దొరకడం కష్టం, దాని కోసం హౌసింగును లేత్ మీద పెద్దది చేయించడం మూర్ఖపు పని. జాగా ఉన్న పెద్ద బండ్లవాళ్లు ఆలోచించండి.

ఎక్కడ కొనాలి

కంపెనీ పార్టు నంబరుతో కొంటే కొలత, లిప్పు రకం సరిపోతాయన్న భరోసా. కానీ డబ్బా అచ్చం ఒకేలా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. లిప్పు అంచును వేలితో తడమండి. నున్నగా, ఎక్కడా పిసరు రబ్బరు వేలాడకుండా ఉండాలి, లోపలి స్ప్రింగు సమంగా కూర్చోవాలి. బేరింగుల షాపులో సైజు చెప్పి ఎన్‌ఓకే లాంటి పేరున్న తయారీ కొన్నా పని నడుస్తుంది. నేను ఎక్కువగా చేసేది అదే, ఎందుకంటే అక్కడ టీసీ కావాలో టీబీ కావాలో ఎంచుకోవచ్చు. పాత సీలు మీద బాణం గుర్తుంటే మాత్రం జాగ్రత్త. దాని లిప్పు మీద ఆయిల్‌ను వెనక్కి తోసే చిన్న గీతలుంటాయి, కుడి ఎడమలు మారిస్తే అవే బయటికి తోస్తాయి.

మూడో దారి సైన్యం మిగులు సరుకు. మైనం కాగితంలో చుట్టిన సీలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. బాగా నిల్వ చేసిన నైట్రైల్‌కు సాధారణంగా 7 ఏళ్లు, విటాన్‌కు 10 ఏళ్లు లెక్క కడతారు. తేదీ చూడండి. తేదీ లేకపోతే లిప్పును మెల్లగా వంచి చూడండి, సన్నని పగుళ్లు కనబడితే అక్కడే పెట్టేయండి. మిగులు సరుకులో ఇనుప భాగాలు కొనండి, రబ్బరు కొనకండి.

షాఫ్టు మీద గాడి పడితే

సీలు తీశాక లిప్పు తిరిగే చోట మెరిసే గీత కనిపిస్తుంది. దాని మీద గోరు అడ్డంగా గీయండి. గోరు జారిపోతే చాలు, సన్న ఎమ్రీ పేపరును షాఫ్టు చుట్టూ అడ్డంగా పట్టి తుడిచి కొత్త సీలు వేసుకోవచ్చు. ఏటవాలుగా మాత్రం రుద్దకండి, ఆ మెలిక గీతలు ఆయిల్‌ను బయటికి నడిపిస్తాయి. గోరు తట్టుకుంటే అది గాడి, గాడి ఉన్న షాఫ్టు మీద ప్రపంచంలో ఏ సీలూ నిలవదు. మన ఊళ్లో ఈ గాడి త్వరగా పడడానికి కారణం ఇసుక, ఉప్పు. లిప్పు కింద చేరిన ఇసుక రేణువు సానరాయిలా పనిచేస్తుంది, ఉప్పు తడి తుప్పు గుంటలు తవ్వుతుంది.

ఇక్కడ నాలుగు దారులున్నాయి. మొదటిది, సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కొట్టడం. పైసా ఖర్చు లేదు. వెనక బేరింగుకు తగలకుండా జాగా ఉందో లేదో కొలిచి చూసుకుంటే చాలు. మొదటిసారి గాడి పడిన బండికి నేను ఇదే చేస్తాను. రెండోది స్లీవు. ఎస్‌కేఎఫ్ స్పీడీ స్లీవ్ అనే పేరుతో దొరుకుతుంది. సుమారు 0.28 మి.మీ. మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు. అంత పల్చన కాబట్టి పాత సైజు సీలే దాని మీద సరిపోతుంది. గాడి లోతుగా ఉంటే ముందు ఎపాక్సీతో పూడ్చి, తడిగా ఉండగానే తొడుగు ఎక్కించాలి. షాఫ్టు కొలతను వెర్నియర్‌తో రెండు మూడు చోట్ల కొలిచి సరైన నంబరు తెప్పించుకోవాలి, ఇక్కడ అంచనాలు పనికిరావు. సరిగా ఎక్కిన స్లీవు కొత్త షాఫ్టు కంటే నున్నగా ఉంటుంది, తుప్పు కూడా పట్టదు. సీలు జరపడంతో పని జరగకపోతే, సముద్రం పక్కన బతికేవాళ్లకు ఇదే నా సలహా.

మూడోది కొత్త షాఫ్టు. గాడితో పాటు తుప్పు గుంటలు, స్ప్లైన్ల (షాఫ్టు చివరి పళ్ల) అరుగుదల, వంపు ఉంటే ఇదే దారి, వేరే ఆలోచన వద్దు.

నాలుగోది, వెల్డింగుతో నింపి లేత్ మీద తిప్పించడం. దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. చవక, గంటలో అయిపోతుంది, చూడ్డానికి కొత్త షాఫ్టులా వస్తుంది. కానీ జిప్సీ వెనక యాక్సిల్ సెమీ ఫ్లోటింగ్ రకం. అంటే షాఫ్టు చక్రాన్ని తిప్పడమే కాదు, బండి బరువును కూడా మోస్తుంది. వేడిచేసి గట్టిపరిచిన ఆ ఉక్కు మీద వెల్డు పెడితే ఆ చోట గట్టిదనం పోయి, పక్కన పెళుసుదనం వస్తుంది. అక్కడే విరిగితే చక్రం, డ్రమ్ము కలిసి బండిని వదిలి వెళ్లిపోతాయి. ఘాట్ రోడ్డులో అది జరిగితే ఏమవుతుందో నేను రాయను. పెద్ద ఆర్మీ లారీల్లో ఉండే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్లో బరువంతా హబ్బు మోస్తుంది, షాఫ్టు విరిగినా చక్రం ఉండిపోతుంది. అక్కడ చెల్లిన పని ఇక్కడ చెల్లదు. ఎవరెంత నమ్మకంగా చెప్పినా జిప్సీ షాఫ్టుకు వెల్డింగు వద్దు.

సీలొక్కటే మార్చాలా, బేరింగు కూడానా

వెనక చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే బేరింగు పోయింది. షాఫ్టు ఊగుతుంటే లిప్పు దాని వెంట పరుగెత్తలేదు, కొత్త సీలు నెలలో కారుతుంది. బేరింగు బిగుతుగానే ఉండి, చప్పుడు లేకుండా తిరుగుతుంటే సీలొక్కటే చాలు. షాఫ్టు ఎలాగూ బయటికొచ్చింది కదా అని మంచి బేరింగును మార్చమనే మాట నేను వినను. ఎందుకంటే దాన్ని తీయాలంటే వెనకున్న రింగును గ్రైండరుతో కోసి పగలగొట్టాలి, ఆ పనిలో షాఫ్టుకు గాటు పడే ప్రమాదం ఉంది. తప్పక మార్చాల్సి వస్తే పాత రింగు మళ్లీ వాడనే వాడకూడదు. చక్రాన్ని లోపల పట్టి ఉంచేది ఆ రింగే.

ముందు వైపు లెక్క వేరు. హబ్బు బేరింగులు టేపరు రకం, కడిగి గ్రీజు పెట్టి మళ్లీ బిగించుకోవచ్చు. గుండు విప్పారంటే మాత్రం, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరగడానికి పైనా కిందా ఉండే కింగ్‌పిన్ బేరింగులను చూడకుండా మూయకండి. అవి వదులైతే గుండు మధ్యలో నిలబడదు, వైపర్ సీలు ఒకవైపు నలిగి ఇంకోవైపు తెరుచుకుంటుంది. లోపలి చిన్న సీలు, వైపర్ సెట్టు, హబ్ సీలు మూడూ కలిపి ఒకేసారి మార్చడమే ముందు వైపు సరైన ఎంపిక. విప్పడానికి పట్టే శ్రమే ఎక్కువ, సీళ్ల ధర దాని ముందు లెక్కలోది కాదు. ఫెల్టును వేసే ముందు ఆయిల్లో నానబెట్టండి. పొడి ఫెల్టు గెడ్డ నీటిని పీల్చి గుండుకు పట్టిస్తుంది, గుండు తుప్పు పడుతుంది, ఆ గరుకుదనం వైపర్ రబ్బరును కోస్తుంది.

ఆయిల్ నానిన లైనర్లను పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్లీ వేసే అలవాటు ఇంకా ఉంది. చేయకండి. వేడెక్కితే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది, బ్రేకు ఒకవైపే పడుతుంది. రెండు వైపులా కొత్తవి వేయించండి.

ఇంటి దగ్గరా, ఆటోనగర్‌లోనా

ముందు హబ్ సీలు ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే. మంచి జాకీ, రెండు స్టాండ్లు, హబ్ నట్టుకు సరైన సాకెట్టు ఉండాలి. ఆ సాకెట్టు లేక చిసెలు, సుత్తితో తిప్పిన గాట్లు వేలం బండ్ల నట్ల మీద దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. అలా బిగించిన నట్టుతో బేరింగు బిగుతు సరిగా కుదరదు, బేరింగు వదులైతే మళ్లీ సీలు దగ్గరికే వస్తాం. సాకెట్టు కొనండి, లేదా లేత్ దగ్గర చేయించుకోండి.

వెనక సీలు కూడా, బేరింగు మార్చనంత వరకు, స్లైడ్ హామరుతో షాఫ్టు లాగి ఇంట్లోనే చేయొచ్చు. బేరింగు మార్చాలంటే మాత్రం ప్రెస్సు ఉన్న చోటికే వెళ్లండి. ఆటోనగర్ మేస్త్రి దగ్గరికి వెళ్తే పక్కనే ఉండి మూడు విషయాలు చూసుకోండి. సీలును సుత్తితో నేరుగా కాకుండా, అదే సైజు పాత బేరింగు రింగో, గొట్టమో అడ్డం పెట్టి కొడుతున్నాడా. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకే తిరిగి ఉందా. షాఫ్టును లోపలికి పంపేటప్పుడు స్ప్లైన్లు లిప్పు మీద రాసుకోకుండా ఎత్తి పట్టుకుంటున్నాడా. లిప్పుల మధ్య ముందే కాస్త గ్రీజు పెట్టాలి, పొడిగా తిరిగితే మొదటి కిలోమీటరులోనే అంచు కాలిపోతుంది. హబ్బు లోపల గ్రీజు నిండా కూరితే మంచిదనుకుంటారు, అది వేడెక్కి సీలును తోస్తుంది. బేరింగుల రోలర్ల మధ్య బాగా పట్టించి, ఖాళీ చోటులో మూడో వంతు చాలు. ఇవన్నీ దగ్గరుండి అడిగితే మంచి మేస్త్రి ఏమీ అనుకోడు. అనుకుంటే ఇంకో మేస్త్రి దగ్గరికి వెళ్లండి.

పని అయ్యాక మొదటి రోజు ఒక 20 కి.మీ. తిప్పి, ఆగి నాలుగు హబ్బులూ చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బిగుతు ఎక్కువైంది, వెంటనే విప్పించండి. మరో వారం తర్వాత వెనక డ్రమ్ముల లోపలి అంచును తెల్ల గుడ్డతో తుడవండి. ఇక గెడ్డ దాటి ఇంటికొచ్చిన ప్రతిసారీ, బండిని రాత్రంతా కదలకుండా ఉంచి, తెల్లారి హౌసింగు కింది డ్రెయిన్ బోల్టును పావు చుట్టు మాత్రమే వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి ఉంటుంది. ముందు నీటి బొట్లు పడితే ఆయిల్ మొత్తం మార్చేయండి. చిక్కటి ఆయిల్ చుక్కే పడితే బోల్టు బిగించేసి టీ తాగడానికి వెళ్లొచ్చు.